కళ్లకు నల్లపట్టీనా, రోగి సంతకమా?

అరుదైన చర్మవ్యాధి కేసు జర్నల్‌కు పంపాలి. ఫొటోలో కళ్ల మీద నల్లపట్టీ వేస్తే సరిపోతుందా, రోగి సంతకం తీసుకోవాలా?

పట్టీ నిమిషం పని. కానీ బుగ్గ మీద మచ్చ, చేతి మీద పచ్చబొట్టు, ‘43 ఏళ్ల నేత కార్మికుడు’ అన్న మాట చాలు, ఊళ్లోవాళ్లు ఇట్టే పోల్చేస్తారు. వైద్య జర్నల్ సంపాదకుల అంతర్జాతీయ కమిటీ కూడా కళ్లు కప్పితే చాలదనే అంటోంది.

సంతకానికి టైం పడుతుంది. ఆపరేషన్‌కు ముందు పెట్టిన సంతకం దీనికి పనికిరాదు. అది వైద్యానికి, ఇది ప్రచురణకు. మనిషిని గుర్తుపట్టే వీలుంటే అచ్చుకు వెళ్లే వ్యాసం ఆయనకు చూపించాలి, ఇంటర్నెట్‌లోనూ కనబడుతుందని ఆయనకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. డిశ్చార్జ్ కాగితాల కట్టలో కలిపేసి ‘ఇక్కడో సంతకం పెట్టండి’ అనడం కంటే పట్టీయే నయం, కనీసం అడిగినట్టు నటించదు. నా ఓటు సంతకానికే.