రబాత్‌లో బస, కాసాబ్లాంకాలో ఆట: ఆఫ్రికా మహిళల కప్పు చూసొచ్చాం

మొరాకో వెళ్తున్నామంటే అందరూ మరాకేష్ గురించే అడిగారు. మేం వెళ్లింది మాత్రం ఆఫ్రికా మహిళల ఫుట్‌బాల్ కప్పు కోసం. పేరుకు అది 2024 కప్పు. వాయిదా పడి 2025 జులైలో జరిగింది. మా అక్క కూతురు స్కూల్ టీమ్‌లో గోల్‌కీపర్. "పిన్నీ, నడోజీ గోల్ ముందు ఎలా నిలబడుతుందో ఒక్కసారి కళ్లారా చూడాలి" అని ఏడాదిగా నా ప్రాణం తీసింది. నడోజీ అంటే నైజీరియా గోల్‌కీపర్ చియమాక నడోజీ.

ముందు బస సంగతి చెప్తాను, మేం పొరపాటు చేసింది అక్కడే. మొదటి రెండు రాత్రులకు రాజధాని రబాత్ పాతబస్తీలో, అంటే మెదీనాలో, ఒక రియాద్ తీసుకున్నాం. మధ్యలో ముంగిలి, చుట్టూ గదులు, గోడల నిండా రంగురంగుల పలకలు. మన మండువా ఇల్లు గుర్తొచ్చింది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది కానీ ఆ సందుల్లోకి టాక్సీ రాదు. రాళ్ల దారిలో సూట్‌కేసులు ఈడ్చుకుంటూ వెళ్లేసరికి, ఫొటోలో చూపించిన గది వేరే వాళ్లకు ఇచ్చేశారట. మాకు ఇచ్చిన గదికి ఉన్న ఒక్క కిటికీ ముంగిట్లోకే తెరుచుకుంటుంది. అర్ధరాత్రి దాకా కింద కూర్చున్నవాళ్ల మాటలన్నీ మా మంచం మీదే. తేడా డబ్బు వెనక్కి ఇమ్మంటే ఇవ్వలేదు. ఊరు చూడ్డానికే వచ్చిన వాళ్లకు రియాద్ బాగుండొచ్చు. రాత్రి పొద్దుపోయాక మ్యాచ్ నుంచి తిరిగొచ్చే ఇద్దరు ఆడవాళ్లకు మాత్రం వద్దు. మూడోరోజు రబాత్‌లోనే అగ్దాల్ రైల్వే స్టేషన్ దగ్గర మామూలు హోటల్‌కి మారిపోయాం. పెద్ద అందమేం లేదు, కానీ పడుకుంటే నిద్ర పట్టింది.

అగ్దాల్ ఎందుకంటే రైలు. అక్కణ్నుంచి కాసాబ్లాంకా గంట ప్రయాణం. మధ్యలో వచ్చే మొహమ్మదియాలోనూ ఈ కప్పు మ్యాచులు జరిగాయి. మ్యాచులు జరిగిన మరో రెండు ఊళ్లు ఓజ్దా, బెర్కాన్ మాత్రం అల్జీరియా సరిహద్దు వైపు ఉన్నాయి. ఓజ్దాకి రైల్లో పది గంటలు పడుతుంది, బెర్కాన్‌కి అసలు రైలే లేదు. అందుకే ఆ ఊళ్లు వదిలేశాం.

ఊళ్లో తిరగడానికి పెటీ టాక్సీలు, అంటే చిన్న టాక్సీలున్నాయి. రబాత్‌లో నీలం, కాసాబ్లాంకాలో ఎరుపు. ఎక్కగానే మీటరు వేయమని చెప్పండి. రాత్రి యాభై శాతం ఎక్కువ, అది న్యాయమైన లెక్కే. ముగ్గురికి మించి ఎక్కించుకోరు, ఊరు దాటి రారు.

తిండికి ఇబ్బంది పడలేదు. పొద్దున్నే పెనం మీద పొరలు పొరలుగా కాల్చిన మ్సెమెన్, తేనె, పుదీనా టీ. శాకాహారులు బిస్సారా పేరు గుర్తు పెట్టుకోండి. ఎండు బఠాణీలో ఫావా గింజలో మెత్తగా ఉడికించి, పైన ఆలివ్ నూనె, జీలకర్ర పొడి వేసి ఇస్తారు. రొట్టెతో తింటుంటే ముద్దపప్పు మీద బెంగ తీరింది. తాజీన్ అంటే మూతపెట్టిన మట్టిపాత్రలో వండే కూర. కూరగాయల తాజీన్ అని రాసున్నా లోపల మాంసం ముక్క ఉండొచ్చు, అడిగి తినండి. ఇక వాతావరణం అంటారా, జులై కదా మాడిపోతామనుకున్నాం. సముద్రపు గాలికి సాయంత్రం శాలువా కప్పుకోవాల్సి వచ్చింది.

జులై 22న కాసాబ్లాంకాలో నైజీరియా, దక్షిణాఫ్రికా సెమీఫైనల్. లార్బీ జావూలీ స్టేడియం హే మొహమ్మదీ అనే కార్మికుల పేటలో ఉంది. మొరాకో ఆడని మ్యాచ్ కాబట్టి గ్యాలరీలు చాలావరకు ఖాళీ. కానీ ఉన్న నైజీరియా వాళ్లు బాకాలూ డప్పులతో ఆ ఖాళీ తెలియనివ్వలేదు. మా పిల్ల బంతిని చూడనేలేదు. బంతి అవతలి కొసన ఉన్నప్పుడు నడోజీ ఎంత ముందుకొచ్చి నిలబడుతోందో అడుగులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. 1-1 దగ్గర, ఆట చివర్లో దక్షిణాఫ్రికా అమ్మాయి గాబ్రియెలా సాల్గాడో కాలు విరిగి పడిపోయింది. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే డప్పులు ఆగిపోయాయి. ఆ తర్వాత 94వ నిమిషంలో నైజీరియా అమ్మాయి మిషెల్ అలోజీ ఎక్కణ్నుంచో గాల్లోకి లేపిన బంతి అలా వెళ్లి గోల్‌లో పడింది. గెలిచిన జట్టును చూసి సంతోషించాలో ఓడిన వాళ్లను చూసి బాధపడాలో తెలియలేదు.

శుక్రవారం, 25న, మూడో స్థానం మ్యాచ్ కూడా అక్కడే. శుక్రవారమంటే అక్కడ ఇంటింటా కూస్‌కూస్, అంటే ఆవిరి మీద ఉడికించిన గోధుమరవ్వ వంటకం, మేమూ అదే తిని వెళ్లాం. పెనాల్టీల్లో దక్షిణాఫ్రికా మీద ఘనా గెలిచింది. ఈ స్థాయి ఆటకు ఇంత తక్కువ జనమా అని నాకు నిజంగా కోపమొచ్చింది. ఆ పేటలో గోడకు బంతి కొట్టుకుంటున్న ఆడపిల్లలు ఎంతమందో. వాళ్లను బళ్ల నుంచి బస్సుల్లో తెచ్చి కూర్చోబెట్టాల్సింది.

26న రబాత్ ఒలింపిక్ స్టేడియంలో మొరాకో, నైజీరియా ఫైనల్. అక్కడ మాత్రం కుర్చీ ఖాళీ లేదు. తల్లులు, అమ్మమ్మలు, చంకలో పిల్లలు. మొరాకో అమ్మాయిలు గిజ్లాన్ చెబ్బాక్ 13వ నిమిషంలో, సనా మ్సూదీ 24వ నిమిషంలో గోల్ కొడితే ఆడవాళ్లంతా నాలుక ఆడిస్తూ పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తర్వాత నైజీరియా తరఫున ఎస్తర్ ఒకొరోంక్వో పెనాల్టీ, ఇజామిలుసి గోల్. మొరాకోకి ఇచ్చిన పెనాల్టీని వీడియో చూసి రిఫరీ రద్దు చేసింది. 88వ నిమిషంలో ఒకొరోంక్వో ఫ్రీకిక్‌ను ఎచెగిని గోల్ చేసింది. 3-2. నైజీరియాకి ఇది పదో కప్పు. ఈసారి బహుమతి 10 లక్షల డాలర్లు, 2022లో ఇచ్చినదానికి రెట్టింపు.

మా పిల్ల మెల్లగా, "పిన్నీ, మన సౌమ్య వాళ్లు కూడా ఆసియా కప్పుకి వెళ్తున్నారుగా" అంది. భారత జట్టులో ఆడే నిజామాబాద్ జిల్లా తండా అమ్మాయి సౌమ్య గుగులోత్ గురించి. ఈ ఆఫ్రికా కప్పు మొదలైన జులై 5నే మన అమ్మాయిలు థాయ్‌లాండ్‌ను ఓడించి అర్హత సాధించారు.

బయటికొస్తే టాక్సీలు లేవు. ఇంత పెద్ద మ్యాచ్ అయ్యాక జనాన్ని ఊళ్లోకి చేర్చే ఏర్పాటు మాకైతే కనిపించలేదు. ముప్పావుగంట నిలబడ్డాం. మా పక్కనే ఒక తల్లి, చెబ్బాక్ పేరున్న చొక్కా వేసుకుని ఏడుస్తున్న కూతురు. చివరికి ఒక టాక్సీ ఆగింది. నలుగురం కలిసి వెళ్దామంటే డ్రైవర్ మూడు వేళ్లు చూపించాడు. ఆవిడ తలుపు తీసి మమ్మల్ని ఎక్కమంది. నేను వద్దన్నా వినలేదు. డ్రైవర్‌కు అగ్దాల్ అని చెప్పి, మీటరు వైపు వేలు చూపించి తలుపు వేసింది. వెనక్కి తిరిగి చూస్తే తల్లీకూతుళ్లు చేతులు పట్టుకుని రోడ్డు పక్కన నడక మొదలుపెట్టారు.