నాష్‌విల్‌లో పాట వినాలంటే బ్రాడ్‌వే దాటి రండి

అమెరికాలో కంట్రీ సంగీతానికి పేరుపడ్డ నాష్‌విల్ వెళ్లే మనవాళ్లు చాలామంది బ్రాడ్‌వేలో ఫొటోలు దిగి వచ్చేస్తారు. ఆ వీధిలో వరసగా బార్లే, పగలు మొదలుపెట్టి అర్ధరాత్రి దాటేదాకా ప్రతి దాంట్లో ఎవరో ఒకరు పాడుతూనే ఉంటారు, చాలా చోట్ల టికెట్ ఉండదు, వాయించేవాళ్లు ఎక్కువగా టిప్పుల మీదే బతుకుతారు కాబట్టి బకెట్ మన దగ్గరికి వచ్చినప్పుడు మొహం తిప్పుకోకండి. కానీ ఆ గోలలో పాట మాటలు వినపడవు. అమెరికా పల్లెల్లో పుట్టిన కంట్రీ పాట అంటేనే కథ, మాటలు పోతే ఇంకేం మిగులుతుంది?

నాకు అసలు పాట దొరికింది గల్చ్ అనే పేటలోని స్టేషన్ ఇన్‌లో. 1974లో మొదలైన బ్లూగ్రాస్ క్లబ్ ఇది, బ్లూగ్రాస్ అంటే ఎక్కువగా తీగ వాయిద్యాలతో సాగే ఒక రకం కంట్రీ సంగీతం. చుట్టూ కొత్త టవర్లు, మధ్యలో పొట్టి రాతి కట్టడం. ముందు వచ్చినవాళ్లదే ముందు కుర్చీ, అందుకని తలుపులు తీసేటప్పటికే అక్కడ ఉండండి.

ఆ రాత్రి వాయించింది ఊళ్లోని బ్యాండే, పేరు నేనెప్పుడూ వినలేదు. ఫిడేలు, బాంజో, మాండలిన్, గిటార్, మనిషంత ఎత్తు బేస్, డ్రమ్స్ లేవు. అందరికీ కలిపి ఒకటే మైక్! ఎవరి వంతు వస్తే వాళ్లు మైక్ దగ్గరికి జరుగుతారు, అయిపోగానే ఇంకొకరికి చోటిచ్చి వెనక్కి తప్పుకుంటారు, అంటే ఏ వాయిద్యం ఎంత వినపడాలో వాళ్ల అడుగులే తేలుస్తాయన్నమాట. గని మూతపడి ఖాళీ అయిపోయిన ఊరి గురించి ఒకావిడ పాడుతుంటే ఇంకో ఇద్దరు బుర్రకథలో వంతల్లా చివరి మాట అందుకున్నారు, నాకు కళ్లు చెమర్చాయి. బాంజో పుట్టుక ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల వాయిద్యాల్లో ఉందని పాటల మధ్యలో వాళ్లే చెప్పారు. విరామంలో సీడీలు కూడా వాళ్లే అమ్మారు, అడిగినవాటికి ఓపిగ్గా జవాబిచ్చారు.

రైమన్ ఆడిటోరియం పగటిపూట చూడండి. 1892లో ప్రార్థనా మందిరంగా తెరిచారు, 1943 నుంచి 1974 దాకా గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే రేడియో కంట్రీ సంగీత కార్యక్రమం అక్కడే జరిగింది. ఇప్పటికీ ఆ చెక్క బెంచీలే, నడుము నొప్పి ఉన్నవాళ్లకి రాత్రి షో కష్టం. బ్లూబర్డ్ కేఫ్ చాలా చిన్నది, పాటలు రాసినవాళ్లే కూర్చుని పాడతారు, మధ్యలో మాట్లాడితే ఊరుకోరు, అది నాకు మరీ నచ్చింది. టికెట్లు మాత్రం ఆన్‌లైన్‌లో పెట్టగానే అయిపోతాయి.

బస విషయానికొస్తే, బ్రాడ్‌వే పక్కన గది వద్దు. మేం దిగిన హోటల్‌లో తెల్లవారుజాము దాకా కిటికీ అదురుతూనే ఉంది, గది మార్చమంటే చెవుల్లో పెట్టుకునే దూది లాంటివి చేతిలో పెట్టారు, పార్కింగ్‌కి రాత్రికింత అని విడిగా వసూలు చేశారు. ఎయిర్‌పోర్ట్ వైపు మారాక హాయిగా నిద్రపట్టింది, అద్దె కూడా తగ్గింది. అక్కణ్నుంచి డౌన్‌టౌన్‌కి సిటీ బస్సు ఉంది, తిరుగు ప్రయాణానికి క్యాబ్ తీసుకోండి, బార్లు మూసే వేళకి రేటు బాగా పెరుగుతుంది కాబట్టి కాస్త ముందే బయల్దేరండి.

ఒక్క రాత్రే చేతిలో ఉంటే స్టేషన్ ఇన్‌కే ఇవ్వండి. పెద్ద పేర్ల కోసం వెతక్కండి, వాళ్ల క్యాలెండర్‌లో మీరు పేరు వినని స్థానిక బ్యాండ్ ఏ రోజు ఉందో ఆ రోజే వెళ్లండి.