చిన్న జెట్ కొనబోతున్న హైదరాబాద్ మిత్రులకు హెచ్చరిక: పాలసీలోని పైలట్ షరతు చదవకుండా సంతకం పెట్టకండి

బేగంపేటలో ఒక చిన్న జెట్ పెట్టుకుని సొంత పనులకు తిరగాలనే ఉద్దేశంతో, ఒక్కరుగానో నలుగురు కలిసో పాత విమానానికి బేరమాడుతున్న వారి కోసం ఇది రాస్తున్నాను. మందుల తయారీ వ్యాపారంలో ఉన్న మేము నలుగురం కలిసి అలాంటి విమానమే కొన్నాము. గత జూలైలో కర్ణాటకలోని ఒక చిన్న విమానాశ్రయంలో, వానలో దిగుతూ అది రన్‌వే చివర దాటి బురదలోకి వెళ్లింది. ముందు చక్రం కాలు విరిగింది, ఒక ఇంజిన్ బురదను లోపలికి పీల్చుకుంది. దేవుడి దయవల్ల ఎవరికీ గాయాలు కాలేదు. మరమ్మతుకు 3.8 కోట్లు అవుతుందని లెక్క తేల్చారు. క్రమం తప్పకుండా ప్రీమియం కట్టినా ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి మాకు ఒక్క రూపాయి కూడా రాలేదు. దానికి కారణం విమానం కాదు, పైలట్ జీతం దగ్గర మేము చేసిన పొదుపు.

ఈ తరగతి విమానాలను వెరీ లైట్ జెట్‌లు అంటారు. 2006లో అమెరికాలో సెస్నా సైటేషన్ మస్టాంగ్, ఎక్లిప్స్ 500 ధ్రువీకరణ పొందడంతో ఈ విభాగం మొదలైంది. ఆ తరువాత ఎంబ్రాయర్ ఫినామ్ 100, హోండాజెట్, ఒకే ఇంజిన్‌తో ఎగిరే సిరస్ విజన్ జెట్ వచ్చాయి. ఒక్క పైలట్ నడపవచ్చన్న ధ్రువీకరణ వీటన్నిటికీ ఉంది, అమ్మకందారు మొదట చెప్పేదీ అదే. మాకు విమానం చూపించిన మధ్యవర్తి కూడా, "సార్, ఒక్క పైలట్ చాలు, కో పైలట్ జీతం మిగిలినట్టే" అన్నాడు. ఆ మాట తయారీదారు కాగితాల ప్రకారం నిజమే. అయితే ధ్రువీకరణ ఇచ్చే సంస్థ వేరు, డబ్బు చెల్లించాల్సిన ఇన్సూరెన్స్ కంపెనీ వేరు. మస్టాంగ్ బరువు నాలుగు టన్నుల లోపే అయినా, అది 41,000 అడుగుల ఎత్తులో, గంటకు 600 కిలోమీటర్లకు పైగా వేగంతో ఎగురుతుంది. అంత వేగంలో రేడియో, వాతావరణం, మంచు, దిగే లెక్కలు అన్నీ ఒక్క మనిషి చూసుకోవలసి వస్తుందని ఇన్సూరెన్స్ వాళ్లకు మొదటి రోజు నుంచీ తెలుసు. అందుకే ఈ విమానాలు కొత్తగా వచ్చిన రోజుల్లో, జెట్ అనుభవం లేని యజమాని పైలట్ల పక్కన ఒక సీనియర్ పైలట్ కొంతకాలం కూర్చోవాలని అమెరికాలో పట్టుబట్టారు. 2014 డిసెంబర్‌లో మేరీలాండ్ రాష్ట్రంలో ఒక ఫినామ్ 100 ఇళ్ల మీద కూలి ఆరుగురు చనిపోయారు. దాన్ని నడిపిన యజమానికి వేల గంటల అనుభవం ఉంది, కానీ ఆ విమానం మీద ఉన్నది చాలా తక్కువ. మంచును తొలగించే వ్యవస్థను వాడకపోవడం, వేగం మరీ తగ్గిపోవడం కారణాలని దర్యాప్తులో తేలింది. మొత్తం గంటలు వేరు, ఆ విమానం మీద గంటలు వేరు అని ఇన్సూరెన్స్ కంపెనీలు ఎందుకు విడదీస్తాయో అర్థం కావడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇక మా సంగతి. కొనేటప్పుడు మాకు దొరికిన కెప్టెన్ గారు ఎయిర్‌లైన్స్‌లో పనిచేసి వచ్చిన పెద్దమనిషి. ఆయన నెలకు 7.5 లక్షలు అడిగితే మేము 5 లక్షలకు ఒప్పించాము. ఆయన లాగ్‌బుక్ (ఎగిరిన గంటలు రాసుకునే పుస్తకం), లైసెన్స్, టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడపడానికి ఇచ్చే అర్హత) కాపీలు పెట్టి, పైలట్‌గా ఆయన పేరే రాయించి బ్రోకర్ మాకు పాలసీ తీసుకున్నాడు. ప్రీమియం మేము అనుకున్నదానికన్నా తక్కువకు రావడానికి కారణం ఆయన అనుభవమే అన్న సంగతి అప్పుడు మాకు తట్టలేదు. రెండు నెలలకే ఆయన ఎక్కువ జీతం ఇచ్చే కంపెనీకి వెళ్లిపోయారు. ఆయనను నేను తప్పు పట్టను, మేమే పిసినారితనం చేశాము. అప్పుడు మధ్యవర్తి 2.75 లక్షలకు ఒక కుర్రవాణ్ణి తీసుకొచ్చాడు. మర్యాదస్తుడు, కష్టపడే మనిషి. టైప్ రేటింగ్ ఉంది, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చిన లైసెన్స్ ఉంది, చట్టప్రకారం ఆయన ఆ విమానం నడపడంలో లోపమేమీ లేదు. పాలసీలో పేరు మార్చమని నేను బ్రోకర్‌కు వాట్సాప్ పెట్టాను. "ఎండార్స్‌మెంట్ ప్రాసెస్‌లో ఉంది సార్" అని జవాబు వచ్చింది. ఎండార్స్‌మెంట్ అంటే పాలసీలో మార్పు చేసినట్టు ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చే కాగితం. నేను "ఓకే" అని పెట్టి ఊరుకున్నాను. ఆ మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది, ఆ ఎండార్స్‌మెంట్ మాత్రం ఎప్పుడూ రాలేదు.

ప్రమాదం జరిగిన నాలుగో రోజు, క్లెయిమ్ పరిశీలించే సర్వేయర్ బేగంపేటలోని మా ఆఫీసుకు వచ్చారు. విరిగిన చక్రం ఫొటోలు ఐదు నిమిషాలు చూశారు, పైలట్ లాగ్‌బుక్ మాత్రం రెండు గంటల సేపు చూశారు. పెన్సిల్‌తో ఒక్కో పేజీ కింద చిన్న చుక్క పెడుతూ గంటలను నాలుగు గడులుగా విడదీశారు. మొత్తం 2,640 గంటలు. అందులో దాదాపు 1,900 గంటలు ఫ్లయింగ్ క్లబ్‌లో ఒకే ఇంజిన్ శిక్షణ విమానం మీద విద్యార్థులకు నేర్పినవి. బయోడేటాలో జెట్ అనుభవం 510 గంటలని రాసి ఉంది, కానీ సిమ్యులేటర్‌లో కూర్చున్నవీ, కుడి సీట్లో కూర్చుని చూసినవీ తీసేస్తే 212 మిగిలాయి. మా విమానం మీద ఉన్నవి 61. అప్పుడు ఆయన పాలసీ తిప్పి, వెనక జతచేసిన పేజీలో ఒక పేరాను వేలితో చూపించారు. పేరు రాసిన పైలట్ కాకుండా వేరే వారు నడిపితే మొత్తం 2,500 గంటలు, జెట్ మీద 500, ఆ విమానం మీద 100 గంటలు ఉండాలి, గడచిన పన్నెండు నెలల్లో సిమ్యులేటర్ శిక్షణ పూర్తిచేసి ఉండాలి అని ఉంది. ఆ శిక్షణ గడువు ప్రమాదానికి 19 రోజుల ముందు తీరిపోయింది. విదేశానికి పంపితే ఖర్చవుతుందని దాన్ని వచ్చే నెలకు వాయిదా వేసింది నేనే. దీన్నే ఇన్సూరెన్స్ భాషలో పైలట్ వారంటీ అంటారు. రన్‌వే తడిగా ఉందా, బ్రేకులు పట్టాయా లేదా అన్న చర్చే రాలేదు, ఆ పేరాతోనే క్లెయిమ్ ముగిసింది.

లైసెన్స్ ఉంటే ఇన్సూరెన్స్ కూడా ఉన్నట్టే అని మేము నమ్మాము, మీలో చాలామంది కూడా అలాగే నమ్ముతూ ఉండవచ్చు. కమర్షియల్ లైసెన్స్‌కు మన దేశంలో 200 గంటలు చాలు, ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్‌కు 1,500 గంటలు. అవి ప్రభుత్వం గీసిన గీతలు. ఇన్సూరెన్స్ కంపెనీ తన గీత తాను వేరుగా గీస్తుంది, ఆ గీత మీ విమానాన్ని బట్టి, పైలట్‌ను బట్టి మారుతుంది. అందువల్ల విమానానికి అడ్వాన్స్ ఇవ్వడానికి ముందే ఎవరు నడుపుతారో తేల్చుకోండి, ఆయన లాగ్‌బుక్ కాపీతోనే ఇన్సూరెన్స్ కొటేషన్ రాతపూర్వకంగా తెప్పించుకోండి. బయోడేటాలో ఉన్న మొత్తాన్ని నమ్మకుండా లాగ్‌బుక్ పేజీలు మీరే తిప్పి, సిమ్యులేటర్ గంటలను పక్కకు తీసి లెక్క వేయండి. ఏటా సిమ్యులేటర్ శిక్షణ, అందుకయ్యే ప్రయాణం, ఆ రోజుల్లో విమానం నిలిచిపోవడం, కెప్టెన్ సెలవులో ఉంటే నడిపే రెండో పైలట్ జీతం, ఇవన్నీ నెల ఖర్చులో మొదటి నుంచే వేసుకోండి. అవన్నీ కలిపిన తరువాత లెక్క కుదరకపోతే, మీకు కుదరనిది పైలట్ జీతం కాదు, ఆ విమానమే. కెప్టెన్ జీతంలో నెలకు రెండున్నర లక్షలు తగ్గించి మేము పోగొట్టుకున్నది ఎంతో పైన చెప్పాను.

మధ్యవర్తి మరొక సలహా కూడా ఇచ్చాడు. విమానం ఖాళీగా ఉన్న రోజుల్లో తెలిసినవారిని తీసుకెళ్లి "ఇంధనం ఖర్చు" పేరుతో డబ్బు తీసుకోమన్నాడు. ప్రైవేటు విభాగంలో నమోదైన విమానంలో డబ్బు తీసుకుని ప్రయాణికులను ఎక్కించడం చట్టవిరుద్ధం, దానికి నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ కావాలి. పాలసీ కూడా ప్రైవేటు వాడకానికే వర్తిస్తుంది. ఈ ఒక్క మాట మాత్రం మేము వినలేదు.

క్లెయిమ్ తిరస్కరించిన తరువాత మేము చేసినది కూడా చెబుతాను, ఇలాంటి ఇబ్బందిలో ఇప్పటికే ఉన్నవారికి పనికొస్తుంది. సర్వే రిపోర్టు కాపీ అడిగి తీసుకున్నాము. ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం మన నానక్‌రామ్‌గూడలోనే ఉన్నా, అక్కడికి తిరగనవసరం లేకుండా దాని బీమా భరోసా పోర్టల్‌లోనే ఫిర్యాదు నమోదు చేశాము. పాలసీదారుల ఫిర్యాదులు విచారించే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ పరిధిలోకి మా ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ రాదు, పైగా అక్కడ పరిమితి 50 లక్షలే. వ్యాపార సంస్థ తీసుకున్న ఇన్సూరెన్స్ పాలసీ నష్టాన్ని పూడ్చుకోవడానికే గనుక ఆ సంస్థ కూడా వినియోగదారే అవుతుందని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, బ్రోకర్ వాట్సాప్ మెసేజ్‌ను ఆధారంగా చూపిస్తూ వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాము. పైలట్ షరతు విషయంలో ఇన్సూరెన్స్ కంపెనీ మీద గెలుస్తామన్న నమ్మకం మా లాయర్‌కు పెద్దగా లేదు. బ్రోకర్ నిర్లక్ష్యం మీదే ఆయన వాదిస్తున్నారు.

ఆ కుర్ర పైలట్ ఇప్పుడు వేరే చోట కో పైలట్‌గా చేరాడు, అతని లైసెన్స్‌కు ఇబ్బంది రాలేదు. మా విమానం మాత్రం రెక్కల మీద టార్పాలిన్ కప్పుకుని ఆ చిన్న విమానాశ్రయంలోనే ఉంది, దానికి ప్రతి నెలా పార్కింగ్ చార్జీ కడుతున్నాము. మీలో ఎవరికైనా ఈ వారం పది రోజుల్లో సంతకాలు ఉంటే, పాలసీ ముసాయిదాలో పైలట్ షరతు ఉన్న పేజీని, మీ పైలట్ లాగ్‌బుక్ చివరి పేజీని పక్కపక్కన పెట్టి చూడండి. ఆ రెండింటిలో అంకెలు కలవకపోతే, ఎండార్స్‌మెంట్ నంబర్ వేసిన కాగితం చేతికి వచ్చేదాకా విమానాన్ని హ్యాంగర్ నుంచి బయటకు తీయనివ్వకండి.