హెచ్చరిక నోరు నొక్కాలా, క్లాసు వెతకాలా?

భీమవరంలో ఒక రొయ్యల మేత డీలరు లెక్కల ప్రోగ్రాములో, ప్రతి బిల్లుకూ లాగ్ పడాలని ఆస్పెక్ట్‌జే (జావా ప్రోగ్రాము అసలు కోడ్ ముట్టుకోకుండా దానికి అదనపు పని అతికించే సాధనం) పెట్టాం. బిల్డ్ కొట్టగానే హెచ్చరిక: ‘నో మ్యాచ్ ఫర్ దిస్ టైప్ నేమ్: బిల్లుసర్వీస్’. దాని పక్కన ఇన్‌వాలిడ్‌అబ్సల్యూట్‌టైప్‌నేమ్ అని చాంతాడంత పేరు.

ఇలాంటి హెచ్చరికలను చూపాలా వద్దా అని చెప్పే ఎక్స్‌లింట్ సెట్టింగ్‌ని ఇగ్నోర్‌లో పెడితే ఒక్క మాటతో తెర శుభ్రం. నేనూ ముందు అదే చేశా. బిల్లులు వస్తున్నాయి, లాగ్‌లో మాత్రం ఒక్క గీతా పడలేదు. పాయింట్‌కట్‌లో (ఎక్కడ అతకాలో చెప్పే వరసలో) రాసిన క్లాసే దొరక్కపోతే అడ్వైస్ (అతకాల్సిన కోడ్, ఇక్కడ లాగ్ రాసేది) దేనికీ అతుక్కోదు, ప్రోగ్రామూ ఆగదు. చిరునామా తప్పు రాసిన శుభలేఖలాంటిది. పెళ్లి అయిపోతుంది, మేనమామ రాడు.

రెండో దారికి ఓపిక కావాలి. పేరులో అక్షరం తప్పిందా, ఇంపోర్ట్ మరిచామా, ఆ క్లాసున్న జార్ ఫైలు క్లాస్‌పాత్‌లో (జావా క్లాసుల్ని వెతికే చోట్ల జాబితాలో) లేదా? నాది ఇంపోర్ట్ గొడవే. ప్యాకేజీతో సహా పూర్తి పేరు రాశాక హెచ్చరిక పోయింది, లాగ్ కదిలింది.

ఇగ్నోర్ ఎప్పుడూ తప్పని అనను. మనం వాడని భాగం కోసం బయటి లైబ్రరీ ఏదో క్లాసు అడుగుతుంటే, ఎక్స్‌లింట్‌ఫైల్‌లో (ఒక్కో రకం హెచ్చరికకు విడిగా సెట్టింగ్ రాసే ఫైలులో) ఆ ఒక్క రకాన్నే తగ్గిస్తే చాలు. మొత్తం నోరు మూయించడం మాత్రం నేను మానేశా.