అద్దె ఇంటికి కేపీహెచ్‌బీ: హైటెక్ సిటీ ఉద్యోగులకు ఎంతవరకు పనికొస్తుంది?

హైదరాబాద్‌కి కొత్తగా వచ్చి హైటెక్ సిటీలో చేరేవాళ్లకి ముందు వినిపించే పేరు కేపీహెచ్‌బీ, అంటే కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ. రైతుబజారు, హాస్టళ్లు, కర్రీ పాయింట్లు, ఆంధ్ర వైపు రాత్రి బస్సులు, అన్నీ దగ్గరే. తిండికి, ఊరి ప్రయాణానికి వంక పెట్టలేం.

చిక్కంతా ఆఫీసు దారిలోనే. మెట్రో ఉంది కదా అని అడ్వాన్సు ఇచ్చేయకండి. ఇక్కడిది ఎర్ర లైను, హైటెక్ సిటీది నీలం లైను. అమీర్‌పేట దాకా వెళ్లి, రైలు మారి, మళ్లీ పడమటికి రావాలి. రోడ్డు మీద ఆరేడు కిలోమీటర్లే, కానీ సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి ఒకసారి బండి మీద వెళ్లి చూడండి. ఆదివారం పట్టిన టైము లెక్కలోకి రాదు. నేరుగా రైలు కావాలంటే హఫీజ్‌పేట, చందానగర్ నయం. ఎంఎంటీఎస్ లోకల్ రైలు మారకుండా హైటెక్ సిటీలో దింపుతుంది, కాకపోతే రైళ్లు తక్కువ, టైము చూసుకుని బయల్దేరాలి.

ఇల్లు చూసేటప్పుడు ఓనర్ని కాదు, వాచ్‌మన్‌ని అడగండి: మంజీరా నీళ్లు (కొళాయి నీళ్లు) ఎన్ని రోజులకోసారి వస్తాయి, ఏప్రిల్‌లో ట్యాంకర్లెన్ని, ఆ ఖర్చు మెయింటెనెన్సులోనా, విడిగానా? గోడకి గోడ ఆనించి కట్టిన బిల్డింగుల్లో కింది అంతస్తుకి పట్టపగలు కూడా లైటు కావాలి. పడగ్గదిలో లైటార్పి, తలుపేసి చూడండి. ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరుతో నెల అద్దె కోసుకోవడం మామూలే, ఎంత కోస్తారో ముందే కాగితం మీద రాయించండి.