హెలికాయిల్ కిట్: పాత కారు ఇంజన్ మీద 5 ఏళ్లు వాడాక

ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) అంచున ఆయిల్ చెమ్మ కనిపిస్తే బోల్ట్ ఇంకాస్త బిగిద్దామనుకున్నాను. బరువుగా తిరుగుతున్న పానా ఉన్నట్టుండి తేలికైపోయింది. బోల్ట్ బయటకు తీస్తే దాని మరలకు స్ప్రింగులా చుట్టుకుని సన్నటి అల్యూమినియం తీగ వచ్చింది. ఆ కవర్ కింద ఉండే ఇంజన్ హెడ్‌లో బోల్ట్ పట్టుకోవాల్సిన థ్రెడ్ (మర) అదే! ఎం6 (6 మిల్లీమీటర్ల) బోల్ట్‌కి అలాంటి చోట దాదాపు 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. నా చేతిలో ఉన్నదేమో పొడవాటి పానా. తప్పు నాదే.

అప్పుడు కొన్నాను, పాడైన మరలో స్టీల్ కాయిల్ వేసి బాగుచేసే ఈ హెలికాయిల్ కిట్. ఎం6, ఎం8, ఎం10 సైజులకు డ్రిల్ బిట్, ట్యాప్ (రంధ్రంలో మర కోసే పనిముట్టు), కాయిల్ ఎక్కించే టూల్ ఇచ్చారు. పాడైన రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి (ఎం6కి 6.3 మిల్లీమీటర్లు), కొత్త మర కోసి, అందులోకి స్టెయిన్‌లెస్ స్టీల్ కాయిల్ ఎక్కించాలి. కాయిల్ రంధ్రం కంటే కొంచెం పెద్దది కాబట్టి విచ్చుకుని తనంతట తనే పట్టుకుంటుంది. పాత సైజు బోల్టే మళ్లీ పడుతుంది. ట్యాప్ మాత్రం దీని కోసం చేసినదే కావాలి. పిచ్ (మరల మధ్య దూరం) రెండిటికీ 1 మిల్లీమీటరే కదా అని ఇంట్లో ఉన్న ఎం7 ట్యాప్ వాడితే కుదరదు.

కిట్‌తో వచ్చిన డ్రిల్ బిట్ నాసిరకం. రెండో రంధ్రానికే మొద్దుబారి, కోయడం మానేసి రుద్దడం మొదలుపెట్టింది. మంచి బిట్ విడిగా కొనుక్కోవడం మేలు. ట్యాప్ బాగుంది. గాడుల నిండా గ్రీజు పూసి, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ పోతే రజను గ్రీజుకే అంటుకుని వచ్చేస్తుంది. కాయిల్ పై చుట్టు అంచుకు కొద్దిగా లోపలికి దిగాలి.

అసలు టెన్షన్ ఆ తర్వాతే. కాయిల్ అడుగున ఉండే చిన్న అడ్డ ముక్కను పంచ్‌తో టక్కున కొట్టి విరగ్గొట్టాలి. అది లోపల పడితే అయస్కాంతంతో తీద్దాంలే అనుకున్నాను. ఈ రకం స్టెయిన్‌లెస్ స్టీల్ అయస్కాంతానికి సరిగ్గా అంటదు. స్క్రూడ్రైవర్ కొనకు గ్రీజు పెట్టి, టార్చ్ వెలుగులో వెతికి పైకి తెచ్చేసరికి అరగంట పట్టింది.

ఈ 5 ఏళ్లలో వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నటి సందు) చూడటానికి ఆ కవర్ ఏడుసార్లు విప్పాను. ఒక్క కాయిల్ కూడా బోల్ట్‌తో పాటు ఊడిరాలేదు. నిజానికి ఆ ఎం6 థ్రెడ్ పక్కనున్న ఒరిజినల్ వాటికంటే గట్టిగా ఉందనిపిస్తుంది. ఆల్టర్నేటర్ బ్రాకెట్ దగ్గర వేసిన ఎం8 కూడా కదల్లేదు. స్పార్క్ ప్లగ్ రంధ్రానికి మాత్రం నేను దీన్ని వాడను. అక్కడ కాయిల్‌కు బదులు గట్టి బుష్ (లోపలా బయటా మర ఉన్న గొట్టం ముక్క) రకం వేయించడమే నాకు ధైర్యం. పాడైన మరను ఎపాక్సీ జిగురుతో అతికించే పద్ధతి ఒకసారి చూశాను. ఇంజన్ వేడెక్కిన రెండో వారానికే బోల్ట్ చేతికొచ్చింది.

రెండో రంధ్రం సంగతి చెప్పలేదు కదూ. మొదటిది బాగా కుదిరిందన్న ధీమాతో గైడ్ బ్లాక్ (డ్రిల్ నిటారుగా దిగేలా పట్టి ఉంచే దిమ్మ) పెట్టకుండా వట్టి చేత్తో డ్రిల్ వేశాను. కొద్దిగా వంకర పోయింది. ఆ బోల్ట్ తల ఇప్పటికీ ఒక పక్కే ఆనుతుంది, కవర్ విప్పిన ప్రతిసారీ దాని కింద వాషర్ మార్చుకుంటున్నాను.