ఆ పైథాన్ కోర్సుకి డబ్బు కట్టబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

రీల్స్‌లో "ఆరు నెలల్లో ఐటీ జాబ్" అంటూ చేతులూపే ఆయన కోర్సే. పేరు రాయను, మీకు తెలుసు. 18,000. అమ్మ చీటీ పాడి ఇచ్చిన డబ్బు. "24 గంటలూ ఇన్‌స్టంట్ ఫీడ్‌బ్యాక్" అన్నారు, బీకామ్ మొహం దాన్ని, నమ్మేశాను.

మూడో వారంలో ఓటు హక్కు ప్రోగ్రాం. వయసు 18 నిండితే 'ఎలిజిబుల్' అని ఇంగ్లీషులో ప్రింట్ చేయాలి. నాలుగు లైన్ల కోడ్. నా లాప్‌టాప్‌లో చక్కగా నడుస్తోంది. సబ్మిట్ కొడితే దిద్దేది మనిషి కాదు, మెషిన్. ఎర్రగా 'రాంగ్ ఆన్సర్', 0/10. ఎక్కడ తప్పో చెప్పదు. ఇదీ వీళ్ల ఫీడ్‌బ్యాక్!

వయసు అడగడానికి కోడ్‌లో ఇన్‌పుట్ బ్రాకెట్లో పెట్టిన "మీ వయసెంత" అన్న ప్రశ్న కూడా అవుట్‌పుట్ కిందే లెక్కట. యూట్యూబ్‌లో చూసి తీసేశాను. సున్నా. చివర్లో స్పేస్ ఉంటే అదీ తీశాను. సున్నా. రెండు రాత్రులు ఇదే పని.

మెంటార్‌కి ఫోన్ చేశాను. కోడ్ తెరిచి చూడనైనా లేదు. "సిస్టమ్ తప్పు చెప్పదు మేడమ్. మీకు బేసిక్స్ వీక్. మా ఫౌండేషన్ కోర్సు తీసుకోండి, మీకైతే 4,999కే ఇస్తాం" అన్నాడు. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. నేనేమో "సరే సార్, సారీ సార్" అన్నాను. సారీ చెప్పింది నేను! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

నిన్న రాత్రి పాత బ్యాచ్ అబ్బాయి మెసేజ్ పెట్టాడు: "అక్కా, ఎలిజిబుల్ స్పెల్లింగ్‌లో రెండో 'ఐ' తీసేసి కొట్టు." తీసేశాను. 10/10. పచ్చ టిక్కు, స్క్రీన్ నిండా బెలూన్లు. ప్రశ్నలో స్పెల్లింగ్ కరెక్టే, వాళ్లు లోపల దాచుకున్న జవాబులో తప్పు! అక్షరానికి అక్షరం పోల్చడమే మెషిన్ పని, దాన్నేం అంటాం. ఆ జవాబు టైప్ చేసిన మహానుభావుడికి మాత్రం బేసిక్స్ బాగా స్ట్రాంగ్.

స్క్రీన్‌షాట్లు పెట్టి రీఫండ్ అడిగితే "7 రోజులు దాటాయి మేడమ్". మూడో వారం అసైన్‌మెంట్‌లో తప్పుని మొదటి వారంలోనే కనిపెట్టాలన్నమాట. గంటలో గ్రూపులోంచి కూడా తీసేశారు. అమ్మకి ఇంకా చెప్పలేదు.

కట్టే ముందు డెమో అడిగి, కావాలనే తప్పు కోడ్ పెట్టి చూడండి. రావాల్సిందేంటో, మనకి వచ్చిందేంటో చూపించకపోతే లేచి వచ్చేయండి. హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్ల కంప్యూటర్ కోర్సు సీఎస్50 ఫ్రీగా నేర్చుకోవచ్చు, అందులో కోడ్ దిద్దే చెక్50 కూడా మెషినే, ఆ రెండూ చూపిస్తుంది. నాకిది 18,000 పోయాక తెలిసింది.

కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కంప్లైంట్ ఇస్తున్నాను. ఈ బ్యాచ్ వాళ్లు ఎవరైనా ఉంటే మీ స్క్రీన్‌షాట్లు కూడా పంపండి.